తక్కువ ఖర్చుతో మోడల్ కార్లు: 1:64 డైకాస్ట్ బండిని విప్పి, రంగు మార్చి, మళ్లీ బిగించే పద్ధతి

మోడల్ కార్ల సరదాలో డబ్బు వృథా అయ్యేది రెండు చోట్ల. కంటికి కనిపించిన ప్రతి కారూ కొనెయ్యడం ఒకటి. ఒక్క కారైనా పూర్తి చెయ్యకముందే ఎయిర్‌బ్రష్, కంప్రెసర్, దిగుమతి రంగులు తెప్పించుకోవడం రెండోది. చివరికి అలమరలో విప్పని ప్యాకెట్లు, మూత బిగుసుకుపోయిన రంగు సీసాలు మిగులుతాయి. అందుకని లెక్క ఎప్పుడూ కొన్న కారుకు కాదు, పూర్తయిన కారుకు వేసుకోవాలి. రెండు వందల లోపు దొరికే ఒక డైకాస్ట్ (అచ్చులో లోహం పోసి చేసిన) కారు, మూడు స్ప్రే డబ్బాలు, కొన్ని చేతి పనిముట్లు ఉంటే చాలు, చూసినవాళ్లు చేతిలోకి తీసుకుని తిప్పి చూసే బండి తయారవుతుంది.

కొనేముందు

1:64 అంటే అసలు బండిలో 64వ వంతు. మారుతి 800 పొడవు 3,335 మి.మీ. కాబట్టి ఈ కొలతలో అది 52 మి.మీ. ఉండాలి. కానీ హాట్ వీల్స్ మామూలు సిరీస్ కార్లన్నీ ఒకే సైజు ప్యాకెట్‌లో పట్టేలా చేస్తారు. చిన్న కారు కాస్త పెద్దదిగా, పెద్ద ట్రక్కు బాగా చిన్నదిగా వస్తుంది. పక్కపక్కన పెట్టినప్పుడు నిష్పత్తి కుదరాలనుకుంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. అసలు బండి వీల్‌బేస్‌ను ఆ అంకెతో భాగిస్తే నిజమైన స్కేల్ తెలుస్తుంది. అంబాసిడర్ వీల్‌బేస్ 2,464 మి.మీ. చేతిలో ఉన్న బొమ్మలో ఆ దూరం 60 మి.మీ. ఉంటే అది దాదాపు 1:41 అన్నమాట. టోమికా, మజొరెట్ కార్లకైతే స్కేల్ అడుగునే అచ్చువేసి ఉంటుంది, అదీ ఒక్కో కారుకు ఒక్కోలా. మినీ జీటీ, ఇన్నో64 లాంటివి నిక్కచ్చిగా 1:64లోనే చేస్తాయి, ధర మాత్రం చాలా రెట్లు ఎక్కువ. పని నేర్చుకునే దశలో వాటి జోలికి వెళ్లొద్దు.

ప్యాకెట్ మీద ముద్రించిన ఎమ్మార్పీకి మించి దుకాణదారు వసూలు చెయ్యకూడదు, అది చట్టం. అయినా కాస్త గిరాకీ ఉన్న మోడల్‌ను రెండింతలు, మూడింతలకు అమ్మేవాళ్లుంటారు. విప్పి రంగు వేసేవాళ్లకు అట్ట నలిగిన ప్యాకెట్, రంగు పెచ్చులూడిన పాత కారు రెండూ ఒకటే, కాబట్టి అవే అడిగి తక్కువకు తీసుకోండి. హాట్ వీల్స్ అరుదుగా వదిలే సూపర్ ట్రెజర్ హంట్ పేరుతో వేలల్లో అడిగే బండ్లతో మనకు పని లేదు. అసలుదానికి టీహెచ్ గుర్తు, లోహపు మెరుపున్న స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లు ఉంటాయి. మామూలు కారుకు రబ్బరు చక్రాలు మార్చి ఆ పేరుతో అంటగట్టడం కూడా జరుగుతుంది.

పాత కార్లు కొనేటప్పుడు బాడీ మీద సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు, ఉబ్బిన అంచులు, సరిగా కూర్చోని తలుపులు ఉన్నాయేమో చూడండి. డైకాస్ట్ కార్లు జింకుతో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన జమాక్ అనే మిశ్రమ లోహంతో పోస్తారు. అందులో సీసం లాంటి మలినం కలిస్తే లోహం లోపలి నుంచే కుళ్లి పొడిపొడి అవుతుంది. దానికి మందు లేదు.

మన రోడ్ల మీది బండ్లే కావాలంటే సెంటీ టాయ్స్ వాళ్ల ప్లాస్టిక్ పుల్‌బ్యాక్ కార్లు చూడండి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కూడా వాటిలో దొరుకుతుంది. ఇవి 1:64 కన్నా బాగా పెద్దవి, నిగ్గు తక్కువ. కానీ రంగు వెయ్యడం నేర్చుకోవడానికి ఇంతకన్నా చవకైనవి లేవు.

ఇంకొకటి, సేకరణకు ఒక హద్దు గీసుకోండి. ర్యాలీ కార్లో, పికప్‌లో, 1980ల జపాన్ కార్లో, ఏదో ఒక్కటి. హద్దు ఉన్నవాడికి దుకాణంలో పది కార్లు కనిపించినా కొనాల్సింది ఒక్కటే ఉంటుంది.

పనిముట్లు

3.5 మి.మీ., 1.6 మి.మీ. డ్రిల్ బిట్లు, చేత్తో తిప్పే పిన్ వైస్ (సన్నని బిట్లు పట్టే పిడి) లేదా వేగం తగ్గించగల డ్రిల్, ఎమ్2 (2 మి.మీ.) ట్యాప్, అంటే బెజ్జంలో మరలు కోసే పనిముట్టు, 4 లేదా 5 మి.మీ. పొడవున్న ఎమ్2 స్క్రూలు, చిన్న ఆకురాళ్ల సెట్టు, 400, 600, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ఒక్కో షీటు, మాస్కింగ్ టేపు, సన్నని కత్తి, కళ్లద్దాలు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్ రాణిగంజ్ తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి. స్క్రూలు ల్యాప్‌టాప్ రిపేరు షాపుల్లోనూ అడగొచ్చు. వాటర్ పేపర్, ప్రైమర్, పుట్టీ కోసం హాబీ షాపు అక్కర్లేదు, కార్ల పెయింట్లు అమ్మే కొట్టుకు వెళ్లండి.

స్ప్రే డబ్బాలు మూడు చాలు: రంగుకు ముందు వేసే బూడిద రంగు ప్రైమర్ (పసుపు, ఎరుపు రంగులకైతే తెల్లది), ఒక రంగు, చివర్లో వేసే పారదర్శకమైన మెరుపు పూత, అంటే గ్లాస్ క్లియర్. మూడూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి తీసుకోవాలి, కారణం కింద వస్తుంది. 400 మి.లీ. డబ్బాతో ఈ సైజు కార్లు ఇరవైకి పైగానే వేసుకోవచ్చు. అందుకే ఒకే రంగులో రెండు మూడు కార్లు ఒకేసారి సిద్ధం చేసుకుంటే ఖర్చు పంచుకుపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కొంటే ఇంకా మంచిది.

విప్పడం

కారు తిరగేస్తే అడుగున ముందొకటి, వెనకొకటి గుండ్రటి రివెట్ తలలు కనిపిస్తాయి. బాడీలోంచి వచ్చిన లోహపు కాడల కొసల్ని నొక్కి పుట్టగొడుగు ఆకారంలో చదును చేసినవే ఇవి. మనం తీసెయ్యాల్సింది ఆ తలను మాత్రమే.

తల సరిగ్గా మధ్యలో మేకు ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి గుంట పెట్టండి. గుంట లేకపోతే బిట్ జారి అడుగు భాగాన్ని గీరేస్తుంది. 3.5 మి.మీ. బిట్‌తో నెమ్మదిగా తిప్పండి. తల అంచు ఉంగరంలా ఊడి బిట్‌కు చుట్టుకోగానే ఆపెయ్యాలి. అక్కడ ఆపకపోతే కాడ అరిగిపోతుంది, తర్వాత స్క్రూకు పట్టు ఉండదు. అడుగు భాగం ఊడి రాకపోతే కత్తితో పైకెత్తకండి, ప్లాస్టిక్ అడుగైతే విరుగుతుంది. ఇంకో రెండు చుట్లు తిప్పి చూడండి.

ఊడాక లోపల అద్దం, సీట్లు, ఇరుసులు ఏ వరుసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అన్నీ ఒక డబ్బా మూతలో వేసి పక్కన పెట్టండి.

ఇప్పుడు కాడ మధ్యలో 1.6 మి.మీ. బెజ్జం, 5 మి.మీ. లోతున. బిట్‌కు 5 మి.మీ. దగ్గర టేపు చుట్టుకోండి. ఈ టేపు లేకుండా వేసినప్పుడే బిట్ బానెట్ మీదుగానో టాప్ మీదుగానో బయటికొస్తుంది. తర్వాత ఒక చుక్క మిషన్ ఆయిల్ వేసి ఎమ్2 ట్యాప్ దించండి. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి. జింకు మెత్తని లోహం, పొడి పేరుకుని ట్యాప్ బిగుసుకుంటుంది. బిగుసుకున్నప్పుడు బలవంతంగా తిప్పితే ట్యాప్ లోపలే విరుగుతుంది, ఇక ఆ కాడ పోయినట్టే. ట్యాప్ కొనడం ఇష్టం లేకపోతే ఈ దశ వదిలేసి చివర్లో అరాల్డైట్‌తో అతికించొచ్చు. కానీ ఆ బండిని మళ్లీ విప్పడం కష్టం.

పాత రంగు తీయడం

ముందు బాడీ లోహమా ప్లాస్టికా తేల్చుకోవాలి. కొన్ని కార్లకు అడుగు లోహంతో, బాడీ ప్లాస్టిక్‌తో ఉంటాయి. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, జమాక్‌కు అది అంటుకోదు. నాణెంతో తట్టి చూడండి, చేతికి చల్లగా తగులుతుందో లేదో చూడండి. అనుమానం తీరకపోతే లోపలి వైపు ఒక చుక్క అసిటోన్ రాయండి. ప్లాస్టిక్ అయితే జిగురుగా కరుగుతుంది.

లోహమే అని తేలాక బాడీని గాజు సీసాలో వేసి, మునిగేదాకా అసిటోన్ పోసి మూత పెట్టండి. కొన్ని రంగులు గంటలో ముడతలు పడి ఊడతాయి, కొన్నింటికి రాత్రంతా పడుతుంది. అప్పటికీ ఊడకపోతే పెయింట్ కొట్టులో దొరికే రిమూవర్ పూయాలి. అది చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట చెయ్యండి. కాస్టిక్ సోడా చవక అని చాలామంది వాడతారు. వద్దు. అది జింకునే తింటుంది, మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది, బాడీ నల్లబడి గరుకుగా తేలుతుంది. అసిటోన్ ఆవిరి కూడా నిప్పంటుకునేదే, వంటింట్లో ఈ పని పెట్టుకోకండి.

పాత టూత్‌బ్రష్‌తో మిగిలిన రంగు రుద్దేస్తే బాడీ మీద పోత అతుకు గీతలు బయటపడతాయి. టాప్ అంచుల మీద, చక్రాల వంపుల దగ్గర సన్నని గట్టులా ఉంటాయి. ఆకురాయితో, తర్వాత 400, 600 వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది చదును చెయ్యండి. తలుపుల గీతల్ని ఇప్పుడే కత్తి వెనక అంచుతో రెండు మూడుసార్లు గీసి లోతు పెంచాలి. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి ఆ గీతల్ని పూడ్చేస్తాయి, తర్వాత తలుపులే లేని ముద్దలా కనిపిస్తుంది. 1:64లో బండి అందమంతా ఈ గీతల్లోనే ఉంటుంది. ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే.

చివరగా గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత వేళ్లు తగలకూడదు. తలకు కొబ్బరి నూనె రాసుకున్న చేతులతో ముట్టుకుంటే, ఆ వేలిముద్ర ఉన్నచోట రంగు నిలవక చేపకళ్లలా గుంటలు పడుతుంది. లోపలి వైపున ఒక వెదురు పుల్లను బ్లూ ట్యాక్ అనే జిగురు ముద్దతో అతికించి, ఆ పుల్ల పట్టుకునే మిగతా పనంతా చెయ్యండి.

రంగు

ఇక్కడ పనితనం కన్నా వాతావరణం ముఖ్యం. వానాకాలంలో విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ. లాకర్ అనే త్వరగా ఆరే రకం రంగులో థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ రంగు పొరలోకి దిగి పాలలా తెల్లబడుతుంది. ముసురు పట్టిన రోజున స్ప్రే పట్టుకోవద్దు. ఒకవేళ తెల్లబడితే చెరిపెయ్యకండి. పొడి ఎండ కాసిన రోజున పైన పల్చగా క్లియర్ కొడితే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. మే నెలలో రామగుండం, కర్నూలు లాంటి చోట్ల దీనికి వ్యతిరేకం. 40 డిగ్రీలు దాటిన ఎండలో రంగు తుంపరలు బాడీని చేరకముందే ఆరిపోయి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడతాయి. వేసవిలో పొద్దున ఏడింటికల్లా ముగించెయ్యండి. డబ్బాను ఎండలో గానీ కారు డ్యాష్‌బోర్డు మీద గానీ ఉంచకండి, 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది. చలికాలంలో మాత్రం డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. మరిగే నీళ్లలో పెట్టకూడదు.

డబ్బాను రెండు నిమిషాలు ఊపండి. మొదటి పిచికారీ ఎప్పుడూ పాత పేపరు మీదే కొట్టాలి, నాజిల్‌లో పేరుకున్న ముద్దలు అక్కడే పోతాయి. 20 నుంచి 25 సెం.మీ. దూరంలో, కారుకు బయట మొదలుపెట్టి, దాని మీదుగా వెళ్లి, అవతల బయటే వేలు ఎత్తాలి. కారు మీద మొదలుపెట్టి కారు మీదే ఆపితే రంగు కారిపోయేది అక్కడే. ప్రైమర్ రెండు పల్చటి పూతలు, మధ్యలో పది నిమిషాలు. ఒక రోజు ఆరాక 1000 పేపర్‌ను తడిపి మెల్లగా తాకించండి. ప్రైమర్ చూపించే గీతలు, గుంటలు రంగులో ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. చిన్న గుంటలకు కార్ల పెయింట్ కొట్టులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ రాసి రుద్ది, ఆ చోట మళ్లీ ప్రైమర్ కొట్టండి. పసుపు, ఎరుపు రంగులకు తెల్ల ప్రైమర్ ఉండాలి, బూడిద మీద అవి మురికిగా తేలతాయి.

రంగు మూడు నాలుగు పూతలు. మొదటి పూతలో కింది ప్రైమర్ సగానికి సగం కనిపిస్తూనే ఉండాలి. ఒక్క పూతలోనే కప్పెయ్యాలనే తొందర వల్లే అంచుల్లో కారడం, గీతలు పూడిపోవడం జరుగుతాయి. తడి రంగు మీద పురుగు వాలినా, వెంట్రుక పడినా ముట్టుకోవద్దు. రెండు రోజులాగి 2000 పేపర్‌తో ఆ చోటు మాత్రం రుద్ది, పల్చగా ఇంకో పూత కొడితే సరిపోతుంది.

క్లియర్‌కు ముందు కనీసం ఒక రోజు ఆగండి. నెమ్మదిగా ఆరే ఎనామెల్ రంగు మీద లాకర్ క్లియర్ పడితే, పై పూతలోని ఘాటు థిన్నర్ కింది పూతను ఉబ్బించి ముడతలు తెస్తుంది. ఇలా జరిగితే మళ్లీ మొదటి నుంచి తీసెయ్యడం తప్ప దారి లేదు. మూడు డబ్బాలూ ఒకే రకంవి కొనాలన్నది ఇందుకే. కొత్త డబ్బా ఏదైనా ముందు ప్లాస్టిక్ చెంచా వెనక ఇదే వరుసలో కొట్టి చూడండి. కార్ల వర్క్‌షాపుల్లో వాడే రెండు భాగాల క్లియర్ మెరుపు బాగుంటుంది గానీ, దానిలోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు హాని. మామూలు గుడ్డ మాస్కు ఆపలేదు, ఇంటి దగ్గర వాడొద్దు.

చిన్న పనులు, బిగింపు

గ్రిల్, తలుపు గీతలకు నల్ల పోస్టర్ రంగును నీళ్లలో పల్చగా కలిపి, ఒక చుక్క లిక్విడ్ సబ్బు వేసి గీతల్లోకి పారించండి. ఆరాక తడి ఇయర్‌బడ్‌తో పైపైన తుడిస్తే గీతలో మాత్రమే నలుపు మిగులుతుంది. కిటికీ అంచుల క్రోమ్‌కు సన్నని ములుకున్న సిల్వర్ పెన్ చాలు. టెయిల్‌లైట్లకు ముందు వెండి రంగు పెట్టి, దానిమీద పారదర్శకమైన ఎరుపు నెయిల్ పాలిష్ ఒక చుక్క.

నంబరు ప్లేటు పెడితే బండికి ఊరు వస్తుంది. మన కార్ల పొడవాటి ప్లేటు 500 మి.మీ. పొడవు, 120 మి.మీ. ఎత్తు ఉంటుంది. 1:64లో అది సుమారు 7.8, 1.9 మి.మీ. సొంత బండికి తెలుపు మీద నల్ల అక్షరాలు, ట్యాక్సీకి పసుపు మీద నలుపు. తెలంగాణ బండికి 2014 నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త రిజిస్ట్రేషన్లకు రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. బండి ఏ ఏడాదిదో చూసుకుని దానికి తగ్గ నంబరు వెయ్యండి. ఫొటో పేపరు మీద ప్రింటు తీసి, అంచుల్ని నల్ల స్కెచ్‌తో తాకిస్తే తెల్ల కాగితం మందం కనిపించదు.

వాటర్‌స్లైడ్ డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మలు) ఇంట్లోనే ప్రింట్ చేసుకునేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ప్రింటరు తెలుపు రంగు వెయ్యలేదు, కాబట్టి పారదర్శక షీటు మీద ప్రింట్ చేసిన బొమ్మ నల్ల కారు మీద కనిపించదు. ఇంక్‌జెట్ సిరా నీళ్లలో కారిపోతుంది, ముంచేముందు షీటు మీద మూడు పల్చటి క్లియర్ పూతలు కొట్టి ఆరనివ్వాలి. డెకాల్ ఎప్పుడూ నున్నటి గ్లాస్ క్లియర్ పూత మీదే అతికించాలి. మెరుపు లేని మ్యాట్ పూత మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

అద్దాలు ఫెవిక్విక్‌తో అతికించొద్దు. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది, తుడిస్తే పోదు. సన్నని పుల్లతో అంచుల్లో ఫెవికాల్ పెట్టండి, ఆరాక కనిపించదు. స్క్రూలు బిగించేటప్పుడు పట్టు తగలగానే ఆపాలి. ఇంకాస్త తిప్పితే జింకు మరలు ఊడిపోతాయి. బిగించాక కారును గాజు పలక మీద పెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో చూడండి. ఒకటి గాలిలో ఉంటే ఇరుసు వంగిందని అర్థం, శ్రావణంతో సరిచెయ్యొచ్చు.

1:24 కిట్‌కు వెళ్లాలనిపిస్తే

నాలుగైదు డైకాస్ట్‌లు ముగిశాకే టామియా లాంటి ప్లాస్టిక్ కిట్ కొనండి. పై రంగు పాఠాలన్నీ అక్కడా పనికొస్తాయి, ఒక్క తేడాతో. కార్ల షాపు ఎన్‌సీ థిన్నర్ కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగించి పగుళ్లు తెస్తుంది, అందుకని ప్రైమర్ లేకుండా ఘాటు రంగులు నేరుగా తగలనీయకూడదు.

అదనపు భాగాల ప్యాకెట్లు కొనక్కర్లేదు. అసలు స్పార్క్‌ప్లగ్ వైరు మందం 7, 8 మి.మీ. ఉంటుంది, 1:24లో అది 0.3 మి.మీ. మోటారు వైండింగ్ షాపులో 30 గేజీ రాగి తీగ ముక్క అడగండి, సరిగ్గా 0.315 మి.మీ. వస్తుంది. సీటు బెల్టుకు మాస్కింగ్ టేపును 2 మి.మీ. పట్టీలుగా కోయండి. గడువు తీరిన ఏటీఎం కార్డు 0.76 మి.మీ. మందమున్న పీవీసీ షీటు, నేల పలకలకు, స్పాయిలర్లకు బాగా పనికొస్తుంది. అయితే కిట్ భాగాలు అతికించే ప్లాస్టిక్ సిమెంటుతో అది సరిగా అతకదు, ఫెవిక్విక్ వాడాలి.

దాచుకోవడం

నేరుగా ఎండ తగిలే గోడ వద్దు. ఎరుపు వెలిసిపోతుంది, పారదర్శక ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఇనుప ఇరుసులు తుప్పు పడతాయి, ఇరుసు కొసలకు ఏడాదికోసారి పుల్లతో మిషన్ ఆయిల్ తాకించండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. మెత్తటి వినైల్ టైర్లున్న కార్లను ప్లాస్టిక్ స్టాండు మీద నేరుగా నిలబెట్టకూడదు. టైరులోని మెత్తదనం ఇచ్చే పదార్థం ప్లాస్టిక్‌లోకి దిగి రెండూ కలిసి కరిగి అంటుకుపోతాయి. టైర్ల కింద బటర్ పేపరు ముక్క పెడితే చాలు. కార్లున్న అలమరలో కలరా ఉండలు మాత్రం వెయ్యకండి. నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది, పూర్తిచేసిన కిట్ మీద రంగు కూడా జిగురుగా మారుతుంది.